రెండో బండి

మిర్యాలగూడల కాశినాథం సేటు రైస్‌మిల్లు.
వేబ్రిడ్జి మీద తెల్లకారు
మెడ ఎడమకు తిప్పుకొని నిలబడిపోయింది.
తాళంచెవి పెడితె దీపం లేదు, చప్పుడు లేదు.
ఎనకాల వడ్ల లారీలు పదకొండు. యాసంగి ఎండ.
ఎత్తి పక్కకు పెడదామని హమాలీలు వంగి చూసిన్రట.
"బస్తాకన్న చెవులుంటయ్, దీన్నేడ పట్టాలె" అని
మైసయ్య బీడీ ముట్టించిండు.

"షోరూమోళ్లు రెండున్నర లక్షలన్నరు, నువ్వెంతంటవ్?"
సేటు నా మొఖం చూడలేదు, నా సంచి చూసిండు.

మా ఉస్తాద్ జానిమియా కాలంల
రెండు తీగెలు ముట్టిస్తె బండి లేచేది.
అంబాసిడర్ తాళాన్ని తలపిన్నుతోటి తీసి
పిన్ను మళ్ల ఆ ఇంటామెకే ఇచ్చేటోడు.
దీని చెవికి పండ్లే లేవు.
చీకట్ల అది ఒక అంకె అడుగుతది,
తాళం ఒక అంకె చెప్తది,
ఇద్దరి మాట కలిస్తెనే
స్టీరింగు గొంతుల ఉన్న బొటనవేలంత మోటరు
ఇనుప నాలుకను ఎనుకకు గుంజుకుంటది.
పదకొండేండ్లు గుంజీ గుంజీ
దాని బొగ్గు అరిగింది.
నాలుక బయటనే ఉండిపోయింది,
మాట మధ్యల పక్షవాతం వచ్చినట్టు.

పెడళ్ల నడుమ తల పెట్టి,
చెమట కండ్లల్ల పడుతుంటె
డ్రిల్లుతోటి ఆ నాలుక తెంపిన.
అరచేతిల చిన్న ముక్క, ఇంకా వేడిగ.

నా సంచిల ఉన్న తాళం జత కొత్తది కాదు.
ఢిల్లీ తుక్కు బజారు నుంచి తెప్పించినది,
ఏ రోడ్డు మీద సచ్చిన బండిదో.
లాప్‌టాప్‌కు తగిలిస్తె దాని కడుపు కనబడ్డది:
చెవుల కోసం ఎనిమిది గదులు,
మూడిట్ల ఇంకా ఎవరో ఉన్నరు.
ఈ కారును అది ఎరగదు. ఎంత పిలిచినా ఇటు తిరగదు.
ముందు పాతది తుడువాలె,
ఆ తర్వాతనే ఈ బండి పేరు రాసుడు.

"తుడువనా?" అని అడిగింది తెర.
నొక్కిన.
నలభై ఒకటి కాడ కరెంటు పోయింది.

మిల్లు ఆగింది. ఊక మాత్రం
ఆగింది తెలువనట్టు గాలిల ఇంకా దిగుతున్నది.
చార్జరు ఆరింది. బ్యాటరీ పన్నెండు కిందికి జారితె
ఆ డబ్బా పాత బండిదీ కాదు, కొత్త బండిదీ కాదు,
ఉత్త ఇనుము.
"కేబుళ్లు!" అని ఒర్లిన.
దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చిన డ్రైవరు రూప్లా
అడుగకముందే తన లారీ బ్యాటరీల మూత లేపిండు.
లారీకి రెండు. ఒక్కదానికే తగిలియ్యాలె,
రెండూ కలిసి ముడితె బూడిదె.
నా చెయ్యి వణుకుతుంటె క్లిప్పు ఆయనే పట్టిండు.
నలభై రెండు.

ఇగ పద్దెనిమిది నిమిషాలు చేసే పనేం లేదు.
అండాలు యాదికొచ్చింది.
మా మనువు నాకు మొదటిది, ఆమెకు రెండోది.
ఏటా ఒక తారీఖు నాడు
చింతచిగురు పప్పు వండి
ఒక ముద్ద తీసి పిట్టగోడ మీద పెడతది.
కాకి వచ్చేదాక నేను పంపు కాడ నిలబడి
కడిగిన కాళ్లే కడుగుత.

నూరు.
ఈ కారు అంకె రాసిన, రెండు చెవులకు నేర్పిన.
సేటు తన చేతితోటి పెట్టి తిప్పిండు.
లోపల పప్పుల రాయి పంటి కింద పడ్డంత చప్పుడు.
మెడ కుడికి తిరిగింది.
పదకొండు లారీలు ఒక్కసారే హారన్లు కొట్టినయ్.
పైసల కాడ సేటు రెండు వేలు కోసిండు,
నూకల సంచి ఒకటి బండి మీద పెట్టించిండు.

ఇల్లు చేరేసరికి రాత్రి పది.
"ఇంతసేపా?"
"ఒకదానికి పాతిల్లు మరిపించి
కొత్తింటి పేరు నేర్పొచ్చిన."
అండాలు పీట వేసింది, గిలాసల నీళ్లు పోసింది.
"మరిసిందా మరి?"
"మొత్తం."
"పాపం" అన్నది.
కూర గిన్నె నా దిక్కు జరిపింది.